ఇన్ఫోకామ్ ఆటల్ని మళ్ళీ ఆడుకోవడం ఎలా: మెయిల్‌బాక్స్ తెరిచే దగ్గర్నుంచి

ఒక తెల్లటి ఇంటికి పడమటి వైపు నిలబడి ఉంటాం. ముందు తలుపు చెక్కలు కొట్టి మూసేసి ఉంటుంది. దగ్గర్లో చిన్న మెయిల్‌బాక్స్. బొమ్మ లేదు, శబ్దం లేదు. నల్లటి తెర మీద రెండు మూడు వాక్యాలు, వాటి కింద మనం ఏం చెబుతామా అని ఎదురుచూసే గుర్తు.

1995లో విజయవాడలో డాస్ నేర్చుకునే రోజుల్లో నేను మొదటిసారి ఈ తెర చూశాను. ఎవరో ఇచ్చిన ఫ్లాపీలో ఉంది. పక్క కంప్యూటర్ల మీద కార్లు పరిగెడుతున్నాయి, తుపాకులు పేలుతున్నాయి. నా తెర మీద మాత్రం అక్షరాలే. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక ఆ తెల్లటి ఇల్లు కళ్ళముందు నుంచి కదల్లేదు. దాన్ని తయారుచేసిన సంస్థ అప్పటికే మూతపడి ఆరేళ్ళయిందని నాకు చాలాకాలం తర్వాతగానీ తెలియలేదు.

మాటలు కొట్టి ఆడే ఆ ఆట పేరు జోర్క్. ఆ సంస్థ ఇన్ఫోకామ్. ఆ ఆటల్ని ఇవాళ మీ కంప్యూటరు మీదో ఫోను మీదో ఎలా ఆడాలో, ముఖ్యంగా అప్పటివాళ్ళు ఆడినట్టు ఎలా ఆడాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్లో జవాబులు చూసుకుంటూ జోర్క్‌ని ఒక గంటలో ముగించేయొచ్చు. అలా ముగిస్తే మాత్రం ఇన్ఫోకామ్ ఏమిటో మీకు తెలియదు. పొడుపుకథ విప్పకముందే విడుపు చెప్పించుకున్నట్టు ఉంటుంది.

ముందు సంస్థ సంగతి

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరం. అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1977లో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటరు మీద జోర్క్ రాయడం మొదలుపెట్టారు. అంతకు కొద్దికాలం ముందే విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ రాసిన గుహల ఆట ఒకటి కంప్యూటరు గదులన్నిటినీ ఊపేసింది. దానికంటే తెలివిగా మాట అర్థం చేసుకునే ఆట రాయాలన్నది వీళ్ళ పట్టుదల. 1979 జూన్‌లో ఎంఐటీ వాళ్ళు కొందరు కలిసి ఇన్ఫోకామ్ స్థాపించారు.

అక్కడ అసలు చిక్కు వచ్చింది. పెద్ద కంప్యూటరు మీద జోర్క్ దాదాపు ఒక మెగాబైటు. ఇళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న టీఆర్ఎస్-80, ఆపిల్ 2 లాంటివాటికి ఉన్న జ్ఞాపకశక్తి కొన్ని పదుల కిలోబైట్లు. పైగా ఒక కంపెనీ కంప్యూటరు మీద నడిచేది ఇంకోదాని మీద నడవదు. దీనికి జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఒక ఉపాయం చేశారు. ఎక్కడా లేని ఒక ఊహాయంత్రాన్ని కాగితం మీద రూపొందించారు. దాని పేరు జెడ్-మెషీన్. ఆటలన్నీ ఆ ఊహాయంత్రం కోసమే రాస్తారు. కొత్త కంప్యూటరు బజారులోకి రాగానే, దాని మీద జెడ్-మెషీన్‌ని అనుకరించే చిన్న ప్రోగ్రాం ఒక్కటి రాస్తే చాలు, ఆటలన్నీ దాని మీద నడుస్తాయి. ఆటలో కావలసిన ముక్కను మాత్రమే ఫ్లాపీ నుంచి తెచ్చుకుని, అక్కర తీరాక వదిలేసే పద్ధతి కూడా అందులోనే ఉంది. అప్పటికీ పట్టక జోర్క్‌ని మూడు భాగాలు చేయాల్సి వచ్చింది. మొదటిది 1980లో, రెండోది 1981లో, మూడోది 1982లో వచ్చాయి.

ఆ సంస్థను ముంచింది ఆటలు కాదు. 1985లో కార్నర్‌స్టోన్ అనే డేటాబేస్ ప్రోగ్రాంను 495 డాలర్ల ధరకు వ్యాపార సంస్థల కోసం విడుదల చేశారు. ఆటలు సంపాదించిన డబ్బు దాని తయారీకే పోయింది, అదేమో అమ్ముడుపోలేదు. 1986లో యాక్టివిజన్ ఇన్ఫోకామ్‌ని కొనుక్కుంది. 1989లో కేంబ్రిడ్జ్ ఆఫీసు మూతపడింది. పదేళ్ళలో ముప్పైకి పైగా ఆటలు చేసి ఆగిపోయారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అయినా ఆ ఊహాయంత్రం పుణ్యమా అని, అదే కాలంలో వచ్చిన ఎన్నో ఆటలు వాటి కంప్యూటర్లతోపాటే మూలపడిపోయినా ఇన్ఫోకామ్ ఆటలు ఇవాళ్టికీ ఎక్కడంటే అక్కడ నడుస్తున్నాయి.

మెట్టు 1: యంత్రాన్ని తెచ్చుకోవడం

మీకు కావలసింది జెడ్-మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాం. దీన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. 1995లో పుట్టిన ఫ్రాట్జ్ ఇప్పటికీ నమ్మకమైనది, విండోస్‌కూ లైనక్స్‌కూ ఐఫోనుకూ వేరువేరుగా దొరుకుతుంది. అక్షరాలు పుస్తకంలోలా అందంగా కనిపించాలంటే గార్గాయిల్ పెట్టుకోండి, నేను వాడేది అదే. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజరులోనే ఆడాలంటే పార్చ్‌మెంట్ ఉంది. అన్నీ ఉచితమే.

నా సలహా మాత్రం కీబోర్డు ఉన్న కంప్యూటరు మీద ఆడమనే. ఫోను మీదే ఆడాలనుకుంటే ముందుగా ఆటోకరెక్ట్ ఆపేయండి. లేకపోతే మీరు కొట్టిన మాట ఒకటి, ఆటకు చేరే మాట ఇంకొకటి అవుతుంది.

మెట్టు 2: ఆట ఫైలు

జోర్క్ మూడు భాగాల విషయంలో ఇప్పుడు చట్టపరంగా ఏ సందేహమూ అక్కర్లేదు. యాక్టివిజన్‌ని కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ 2025 నవంబరులో ఈ మూడింటి సోర్స్ కోడ్‌ను, అంటే ఆటను రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేసింది. కోడ్ పంచుకునే గిట్‌హబ్ అనే సైటులో 'హిస్టారికల్ సోర్స్' అనే ఖాతాలో జోర్క్1, జోర్క్2, జోర్క్3 పేర్లతో ఉన్నాయి. కోడ్‌తోపాటు కంపైల్ చేసిన, అంటే ఆడటానికి సిద్ధంగా ఉన్న ఫైలు కూడా అక్కడే ఉంటుంది. పేరు చివర జెడ్3 అని ఉన్న ఆ ఫైలును దించుకుని ఇంటర్‌ప్రెటర్‌తో తెరిస్తే ఆట మొదలవుతుంది.

మిగతా ఆటలకు వేరే దారులున్నాయి. గాగ్ అనే అమ్మకపు సైటులో జోర్క్ ఆంథాలజీ కొనుక్కుంటే బియాండ్ జోర్క్, జోర్క్ జీరో, ప్లానెట్‌ఫాల్ కూడా వస్తాయి. హిచ్‌హైకర్స్ గైడ్ ఆటను బీబీసీ తన సైటులో ఉచితంగా ఆడుకోనిచ్చింది. మిగిలినవి కావాలంటే యాక్టివిజన్ 1991లో వేసిన లాస్ట్ ట్రెజర్స్, 1996లో సీడీగా వేసిన మాస్టర్‌పీసెస్ సంకలనాలను పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతకాలి. ఆ సీడీలలో ఆట ఫైలు పేరు చివర డిఏటి అని ఉంటే కంగారుపడకండి, ఫ్రాట్జ్ దాన్నీ చదువుతుంది.

మెట్టు 3: అట్టపెట్టెలోని సామాను

దీన్ని చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి.

1982లో మార్క్ బ్లాంక్ డెడ్‌లైన్ అనే హత్యా పరిశోధన ఆట రాశాడు. సాక్షుల వాంగ్మూలాలు, ల్యాబు నివేదిక లాంటివన్నీ పెట్టడానికి డిస్కులో చోటు చాలలేదు. దాంతో వాటిని నిజంగానే కాగితాల మీద అచ్చువేసి, పోలీసు ఫైలులా కట్టి, శవం దగ్గర దొరికిన మాత్రలంటూ చిన్న ప్లాస్టిక్ సంచిలో తెల్లటి బిళ్ళలు కూడా పెట్టి అమ్మారు. జనానికి అది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ప్రతి ఆట పెట్టెలోనూ ఏదో ఒకటి పెట్టడం ఇన్ఫోకామ్‌కు ఆనవాయితీ అయింది. వీటిని ఫీలీలు అనేవారు. విష్‌బ్రింగర్ పెట్టెలో చీకట్లో మెరిసే రాయి, విప్పని ఉత్తరం. హిచ్‌హైకర్స్ పెట్టెలో ప్రమాదం వస్తే నల్లబడతాయంటూ ఇచ్చిన ఉత్తుత్తి కళ్ళద్దాలు, ఖాళీ ప్లాస్టిక్ సంచిలో కంటికి కనిపించనంత చిన్న అంతరిక్ష నౌకల దండు.

ఇవి అలంకారానికి పెట్టినవి కావు. కొన్ని ఆటల్లో ఈ కాగితాలు లేకపోతే ముందుకు పోలేం. ది లర్కింగ్ హారర్‌లో కంప్యూటరులోకి లాగిన్ కావడానికి కావలసిన వివరం పెట్టెలోని విద్యార్థి గుర్తింపు కార్డు మీద ఉంటుంది. దొంగ కాపీలను ఆపడానికి వాళ్ళు వాడిన మర్యాదైన పద్ధతి అది. వీటి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. నేనైతే ప్రింటు తీయించి, డెడ్‌లైన్ కాగితాలన్నీ ట్యాగు దారంతో ఫైలు కట్టుకున్నాను. ఆడుతూ మధ్యలో ఆ ఫైలు తిరగేస్తుంటే మనం నిజంగా ఆ కేసులో ఉన్నట్టే ఉంటుంది.

మెట్టు 4: ఆటతో మాట్లాడటం

మీరు కొట్టే వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. దానికి ఇంగ్లీషే వచ్చు. మనకు క్రియ చివర వస్తుంది, దానికి మొదట రావాలి. 'దీపం వెలిగించు' అని మన మనసులో పుడుతుంది, 'టర్న్ ఆన్ లాంప్' అని కొట్టాలి. 'పెట్టెలో గుడ్డు పెట్టు' అనుకున్నది 'పుట్ ఎగ్ ఇన్ కేస్' అవుతుంది. మొదటి గంట ఈ తిరగేత కొంచెం చికాకు పెడుతుంది, తర్వాత చేతికి అదే అలవాటవుతుంది.

దిక్కులకు ఇంగ్లీషు మొదటి అక్షరం చాలు, ఉత్తరానికి ఎన్, దక్షిణానికి ఎస్, అలా. పైకి యు, కిందికి డి. చుట్టూ చూడటానికి 'లుక్', చేతిలో ఏమున్నాయో చూసుకోవడానికి ఐ అక్షరం, ఒక క్షణం ఆగడానికి జెడ్, కిందటి పనే మళ్ళీ చేయడానికి జి. వస్తువును పరిశీలించడానికి మాత్రం 'ఎగ్జామిన్' అని పూర్తిగా కొట్టండి. ఎక్స్ ఒక్కటి సరిపోవడం తర్వాతి కాలపు అలవాటు. ఇంకో సంగతి: జోర్క్ కాలపు ఆటలు ప్రతి మాటలోనూ మొదటి ఆరు అక్షరాలనే చూస్తాయి. పొడుగాటి మాట స్పెల్లింగు చివర్లో తప్పినా ఫరవాలేదు.

ఆట మొదలుకాగానే 'వెర్బోస్' అని కొట్టండి. అప్పుడు ఒకసారి చూసిన గదిలోకి మళ్ళీ వెళ్ళినా వర్ణన మొత్తం కనిపిస్తుంది. ఆ వర్ణనల్లోనే ఆధారాలు దాగి ఉంటాయి.

మెట్టు 5: పటం గీయడం

ఇన్ఫోకామ్ ఆట అంటే సగం కంప్యూటరు మీద, సగం కాగితం మీద. పెద్ద తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు తీసుకోండి. పెన్నుతో మొదలుపెట్టకండి, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది. ఒక్కో చోటుకు ఒక్కో చిన్న గడి గీసి పేరు రాయండి. ఏ దిక్కుకు వెళ్తే ఏ గదో ఒక గీత. ఇంకా చూడని దారులకు సగం గీత గీసి వదిలేయండి. అక్కడ దొరికిన వస్తువుల పేర్లు గడి పక్కన చిన్నగా రాసుకోండి.

దారులు ఎప్పుడూ తిన్నగా ఉంటాయనుకోవద్దు. జోర్క్ మొదట్లోనే, ఇంటికి పడమటి నుంచి ఉత్తరానికి వెళ్తే ఇంటి ఉత్తరం వైపు చేరతాం. అక్కణ్ణుంచి వెనక్కి రావాలంటే దక్షిణానికి కాదు, పడమరకు రావాలి. ఇంటి మూల తిరిగాం కదా. కాబట్టి గీత రెండు చివర్లలోనూ దిక్కు రాయండి.

తర్వాత ఒక చిక్కుదారుల గూడు వస్తుంది. అక్కడ గదులన్నిటి వర్ణన ఒకటే. పాత ఉపాయం ఏమిటంటే ఒక్కో గదిలో ఒక్కో వస్తువును గుర్తుగా వదిలి నడవడం. కత్తి ఉన్న గది, సీసా ఉన్న గది అని పటం మీద రాసుకోవడం. కానీ ఇంటి కింద ఉన్న ఆ పాతాళంలో ఒక దొంగ తిరుగుతుంటాడు. మనం గుర్తుగా పెట్టినవాటిని ఎత్తి ఇంకోచోట పడేస్తాడు. మూడు రోజులు గీసిన పటం తప్పుల తడక అయిందని తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. దొంగ పీడ వదిలించుకున్నాక అక్కడికి వెళ్ళడమో, అక్కర్లేని వస్తువులే గుర్తులుగా వాడటమో చేయండి.

మెట్టు 6: మొదటి గంట

జోర్క్ మొదటి భాగంలో మొదటి చుట్టు వరకు మీతో వస్తాను. ఆ తర్వాత మీరే.

మెయిల్‌బాక్స్ తెరవండి, లోపలి కరపత్రం చదవండి. ఇల్లు చుట్టి వెనక్కి వెళ్తే కొంచెం తెరిచి ఉన్న కిటికీ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా తెరిచి లోపలికి దూరండి. అది వంటిల్లు. అక్కడి బల్ల మీద ఒక సంచీ, నీళ్ళ సీసా. పడమటి గదిలో ఇత్తడి లాంతరు, పాత కత్తి, గెలిచిన వస్తువులు దాచే అద్దాల బీరువా. నేల మీద పెద్ద తివాచీ. అంత వివరంగా వర్ణించిన తివాచీ ఊరికే ఉండదు కదా, జరిపి చూడండి.

కిందికి దిగే ముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, లాంతరు వెలిగించడం. చీకట్లో నడిస్తే గ్రూ అనే జీవి తినేస్తుంది. అదెలా ఉంటుందో ఎవరికీ తెలియదు, చీకటి ఒక్కటే దాని ఆనవాలు. లాంతరు బ్యాటరీ కూడా అయిపోయేదే, కాబట్టి వెలుతురున్న చోట ఆర్పేయండి. రెండు, 'సేవ్' కొట్టడం.

దిగగానే తలుపు పైన మూసుకుపోతుంది, గడియ వేసిన చప్పుడవుతుంది. మొదటిసారి ఆ చప్పుడు చదివినప్పుడు నాకు గుండె జారింది. ఉత్తరానికి వెళ్తే గొడ్డలి పట్టుకున్న రాక్షసుడు దారికి అడ్డంగా ఉంటాడు. కత్తితో పోరాడవచ్చు, కానీ గెలుపోటములు కొంత అదృష్టం మీద ఉన్నాయి. దక్షిణానికి వెళ్తే, ఆ పోరాటం లేకుండానే కొంత దూరంలో చిత్రాల గది ఉంది. అక్కడ మొదటి నిధి దొరుకుతుంది. దాని తర్వాతి గదిలో పొగగొట్టం ఉంటుంది. అది ఎక్కితే వంటింట్లో తేలతాం. చేతిలో ఎక్కువ సామానుంటే మాత్రం అది ఎక్కనివ్వదు. ఏది వదలాలి, ఏది ఉంచుకోవాలి అన్నది మొదటి పాఠం. నిధిని బీరువాలో పెట్టి 'స్కోర్' కొట్టి చూడండి. మొత్తం 350 పాయింట్లు. మీ ప్రయాణం మొదలైంది.

సేవ్ విషయంలో నా అనుభవం చెప్పాలి. ఒక్కటే ఫైలు పెట్టుకుని దాని మీదే మళ్ళీ మళ్ళీ సేవ్ చేసేవాణ్ణి. లాంతరు ఆరిపోవడానికి కాస్త ముందు, పాతాళం లోతుల్లో సేవ్ చేశాను. అక్కణ్ణుంచి ఎన్నిసార్లు తెరిచినా చావే. వారం ఆట పోయింది. ప్రతిసారీ కొత్త పేరు పెట్టండి, జోర్క్01, జోర్క్02 అంటూ. ఆ కాలపు ఆటలు మనల్ని ఇక గెలవలేని స్థితిలోకి నెట్టి, ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటాయి. హిచ్‌హైకర్స్‌లో అయితే ఆట మొదట్లో చేయని చిన్న పని చివర్లో మెడకు చుట్టుకుంటుంది.

మెట్టు 7: ఇరుక్కుపోయినప్పుడు

ఇరుక్కుంటారు. అందరూ ఇరుక్కునేవారు.

మొదట లేచి వెళ్ళిపోండి. స్నానం చేసేటప్పుడో బస్సులో కూర్చున్నప్పుడో తట్టిన జవాబులే నాకు ఎక్కువ. రెండోది, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకోండి. మా అమ్మాయి పదమూడేళ్ళప్పుడు ఇద్దరం కలిసి ఆడాం. నేను కీబోర్డు, తను పటం. 'నాన్నా, ఆ వెల్లుల్లి ఎందుకు ఇచ్చారో ఇంతవరకూ ఆలోచించలేదు మనం' అని తను అన్న రోజు నాకు గుర్తుంది. నేను ఇన్నేళ్ళూ దాన్ని సంచిలోనే వదిలేసి తిరిగాను.

అప్పటికీ కుదరకపోతే ఇన్విజిక్లూస్ ఉన్నాయి. ఇన్ఫోకామ్ అమ్మిన సూచనల పుస్తకాలు అవి. ప్రతి ప్రశ్న కింద జవాబులు కనిపించని సిరాతో అచ్చువేసి ఉండేవి. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో వరుస బయటపడేది. మొదటి వరుస చిన్న కదలింపు, రెండోది ఇంకాస్త, చివరిది అసలు జవాబు. ఇవాళ వాటి పాఠం ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఒక్కో వరుసే చదవండి. కింది వరుసలను మందపాటి కాగితంతో కప్పుకోండి. పూర్తి పరిష్కారాలు రాసిన పేజీల జోలికి మాత్రం వెళ్ళకండి.

మెట్టు 8: ఏది ముందు, ఏది తర్వాత

ఇదివరకు ఇలాంటి ఆట అసలు ఆడనివాళ్ళు, దొరికితే, బ్రయన్ మోరియార్టీ రాసిన విష్‌బ్రింగర్‌తో మొదలుపెట్టడం మంచిది. 1985లో కొత్తవాళ్ళ కోసమే చేసినది. మీరు చిన్న ఊళ్ళో పోస్టు ఆఫీసు ఉద్యోగి, ఒక ఉత్తరం అందించాలి. చాలా చిక్కుముళ్ళను వరమిచ్చే రాయితో విప్పొచ్చు, లేదా సొంత బుర్రతోనూ విప్పొచ్చు.

తర్వాత జోర్క్ మొదటి భాగం. ఆపైన స్టీవ్ మెరెట్జ్‌కీ 1983లో రాసిన ప్లానెట్‌ఫాల్. అందులో ఫ్లాయిడ్ అనే మరమనిషి చంటిపిల్లాడిలా మన వెంటే తిరుగుతూ ఉంటాడు. అంతకుమించి చెప్పను. ఆడండి, నా మాట విని ఎక్కడా చదవకుండా ఆడండి. డెడ్‌లైన్‌లో గడియారం ఉంటుంది, పన్నెండు గంటల్లో కేసు తేల్చాలి. ఒకే రోజును మళ్ళీ మళ్ళీ బతికి, ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో పట్టిక రాసుకోవడమే దారి.

ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్‌లో చిక్కుముళ్ళు చాలా తక్కువ. ఒక నగరం భవిష్యత్తులోకి వెళ్ళి, దాని బతుకు ఏమవుతుందో చూసి, రికార్డు చేసి తేవాలి. ఇన్ఫోకామ్ చేసినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. ట్రినిటీ అణుబాంబు చరిత్ర గురించి. దాన్ని కొంత అనుభవం వచ్చాక ఆడండి. హిచ్‌హైకర్స్‌తో మాత్రం మొదలుపెట్టకండి. అదే పేరుతో నవల రాసిన డగ్లస్ ఆడమ్స్, మెరెట్జ్‌కీ కలిసి 1984లో రాసిన ఆ ఆటలో 'టీ లేకపోవడం' కూడా చేతిలో ఉండే ఒక వస్తువే. అంత వంకర ఆలోచనకు ముందు కాస్త సాధన కావాలి.

మెట్టు 9: లోపలికి తొంగిచూడటం

ఇది ఇష్టమున్నవాళ్ళకే. ఇన్ఫోకామ్ వాళ్ళు ఆటలు రాసుకున్న భాష పేరు జిల్. గిట్‌హబ్ నుంచి తెచ్చుకున్న జోర్క్1 కోడ్‌లో '1డంజన్' అనే ఫైలు తెరవండి. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. ప్రతి గదికీ ఒక పేరా, దాని వర్ణన, ఏ దిక్కుకు ఏ గదో, అన్నీ చదివితే అర్థమైపోతాయి. మీరు పెన్సిలుతో గీసిన పటాన్ని పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

ఆ ఫైలులోనే మెయిల్‌బాక్స్‌లోని కరపత్రం కూడా ఉంది. 'అడ్వర్టైజ్‌మెంట్' అనే వస్తువు కింద కొటేషన్ గుర్తుల మధ్య దాని పాఠం కనిపిస్తుంది. ఆ పాఠం చెరిపి, మీరు ఎవరికైనా చెప్పదలుచుకున్న నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. జిల్ఫ్ అనే ఉచిత కంపైలరుతో కంపైల్ చేసి, దానితోపాటే వచ్చే జాప్ఫ్‌తో ఆట ఫైలుగా మార్చండి. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళే ముందురోజు నేను అలా ఒక ఫైలు తయారుచేసి, పెన్ డ్రైవులో పెట్టి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. వారం తర్వాత రాత్రి పదకొండింటికి ఫోను చేసింది, మెయిల్‌బాక్స్ తెరిచానని.